ఎన్‌ఐహెచ్ రిపోర్టర్: వృద్ధాప్యం, వైకల్యంపై పరిశోధనకు గ్రాంట్లు వెతికేవారి కోసం, ఏళ్ల తరబడి వాడాక రాసిన సమీక్ష

గ్రాంటు వేటలో చాలామంది ముందుగా చేసే పని, ఇప్పుడు ఏ ప్రకటనలు తెరిచి ఉన్నాయో చూడటం. ఆ పని తర్వాత చెయ్యొచ్చు. మన ప్రశ్నలాంటి ప్రశ్నకు ఇంతకుముందు ఎవరు డబ్బిచ్చారు, ఎంతిచ్చారు, ఆ ఫైలు ఎవరి బల్ల మీద ఉంది, ఇవి తెలిస్తే ప్రకటన దానంతటదే దొరుకుతుంది. అమెరికాలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్ (ఎన్‌ఐహెచ్) నడిపే రిపోర్టర్ వెబ్‌సైటు ఈ మూడింటికీ జవాబు చెబుతుంది. లాగిన్ లేదు, రుసుము లేదు. ఏ దేశం నుంచైనా తెరుచుకుంటుంది. వృద్ధాప్యం, పునరావాసం, వైకల్యం మీద పనిచేసేవారికి ఇంతకంటే పనికొచ్చే ఉచిత సాధనం నా వాడకంలో ఇంకొకటి కనిపించలేదు. అయితే ఇది తెరిచి ఉన్న ప్రకటనల పట్టిక కాదు. అలా అనుకుని వచ్చినవాళ్లు పది నిమిషాల్లో విసుగెత్తి మూసేస్తారు.

ముందుగా ప్రాజెక్టు నంబరు చదవడం నేర్చుకోవాలి. భారత్‌లో 45 ఏళ్లు, ఆపై వయసువారి మీద జరుగుతున్న లాసీ అధ్యయనానికి అనుబంధంగా, మతిమరుపు వ్యాధిని పరిశీలించే లాసీ-డాడ్ ఉంది. దాని గ్రాంట్లలో ఒకటి ఆర్01 ఏజీ 051125. ఆర్01 అంటే గ్రాంటు రకం. ఏజీ అంటే డబ్బిచ్చిన సంస్థ, 1974లో ఏర్పడిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆన్ ఏజింగ్. ఆ తర్వాతి ఆరంకెలు ఆ ప్రాజెక్టు వరుస సంఖ్య. వీటన్నిటికీ ముందు ఒక అంకె వస్తుంది: 1 ఉంటే కొత్త గ్రాంటు, 2 ఉంటే మళ్లీ పోటీపడి తెచ్చుకున్న పొడిగింపు, 3 ఉంటే అదనపు సొమ్ము, 5 ఉంటే పాత గ్రాంటుకే ఆ ఏటి వాయిదా. చివర ఏ1 కనిపిస్తే మొదటిసారి తిరస్కరించాక దిద్ది మళ్లీ పంపి గెలిచారని అర్థం. ఏ1 ఉన్న ప్రాజెక్టుల సారాంశాలు శ్రద్ధగా చదవాలి. సమీక్షకుల అభ్యంతరాలకు జవాబు చెప్పుకున్న రాత అది.

ఈ అంకెలు తెలియకపోతే లెక్క తప్పుతుంది. ఐదేళ్ల గ్రాంటు ఒక్కటే అయినా ఏటా ఒక వరుస చొప్పున ఐదు వరుసలుగా కనిపిస్తుంది. అదనపు సొమ్ముకు మళ్లీ వేరే వరుస. పీ30, పీ50 లాంటి పెద్ద కేంద్రాల గ్రాంట్లయితే ఉప ప్రాజెక్టులు కూడా విడివిడిగా వస్తాయి. ఎక్సెల్‌లోకి దించుకుని వరుసలు లెక్కేస్తే ఒకే గ్రాంటును రెండుసార్లు, మూడుసార్లు లెక్కపెట్టినట్టే. కొత్తగా ఎన్ని గ్రాంట్లు ఇచ్చారో తెలియాలంటే 1, 2 అంకెలతో మొదలయ్యే వరుసలు మాత్రమే ఉంచి, ఉప ప్రాజెక్టులు తీసేయాలి. వాళ్ల ఆర్థిక సంవత్సరం అక్టోబరు 1న మొదలై సెప్టెంబరు 30తో ముగుస్తుందన్నదీ గుర్తుండాలి.

వెతికే మాటల దగ్గరే అసలు చిక్కు. మనకు బ్రిటిష్ వర్ణక్రమం అలవాటు కాబట్టి ఏజింగ్ అన్న మాటలో జీ తర్వాత ఇంగ్లిష్ ‘e’ అక్షరం వదలం. అమెరికా సారాంశాల్లో ఆ అక్షరం ఉండదు. ఓల్డర్ అడల్ట్స్ అని కొడితే మనుషుల మీద జరిగిన పని ఎక్కువగా వస్తుంది, ఏజింగ్ అని కొడితే ఎలుకలు, కణాలు ఎక్కువగా వస్తాయి. డిసెబిలిటీ అన్న మాటతో ఇబ్బంది ఇంకా ఎక్కువ. పక్షవాతం మీద ఎలుకల్లో చేసే ప్రతి ప్రాజెక్టూ "వైకల్యానికి ప్రధాన కారణాల్లో పక్షవాతం ఒకటి" అన్న వాక్యంతోనే మొదలవుతుంది. దాంతో వైకల్యంతో బతికే మనుషుల ఊసే లేని ప్రాజెక్టులు వందల్లో వచ్చి పడతాయి. దీనికి మందు, అడ్వాన్స్‌డ్ సెర్చ్‌లో ఆ మాటను శీర్షికకే పరిమితం చేయడం. లేదా మనిషి రోజువారీ జీవితానికి దగ్గరైన మాటలు వాడటం: వీల్‌చైర్, కేర్‌గివర్, ఫాల్స్, మొబిలిటీ, యాక్టివిటీస్ ఆఫ్ డైలీ లివింగ్, అసిస్టివ్ టెక్నాలజీ. మాట సరిగా ఎంచుకుంటే జాబితా చదవదగ్గ సైజుకు దిగుతుంది.

పునరావాసం వెతికేవారు ఏజీ దగ్గరే ఆగిపోతారు. హెచ్‌డీ సంకేతం కూడా చూడాలి. అది పిల్లల ఆరోగ్యం, మానవ వికాసాలకు సంబంధించిన సంస్థ. పేరు చూసి మనది కాదులే అని దాటేస్తాం. కానీ వైద్య పునరావాస పరిశోధనకు ఎన్‌ఐహెచ్‌లో ఉన్న జాతీయ కేంద్రం, ఎన్‌సీఎంఆర్‌ఆర్, దాని గొడుగు కిందే ఉంది. కృత్రిమ కాళ్ల మీద, వెన్నుపాము గాయం తర్వాతి నడక మీద పనిచేసేవారు మొదట తట్టాల్సిన తలుపుల్లో అదొకటి.

ఇక మ్యాచ్‌మేకర్. మన పరిశోధన సారాంశాన్ని 15,000 అక్షరాల వరకు అతికిస్తే, దానికి దగ్గరగా ఉన్న మంజూరైన ప్రాజెక్టులను, వాటిని చూసుకునే ప్రోగ్రామ్ అధికారుల పేర్లను చూపిస్తుంది. ఏ సంస్థ ఎక్కువిచ్చింది, ఏ రకం గ్రాంటు కింద ఇచ్చింది, ఏ సమీక్షా బృందం చదివింది అన్నవి పటాలుగా వేసి చూపిస్తుంది. మొత్తం సైటులో నాకు బాగా నచ్చిన భాగం ఇదే. కానీ ఏం అతికిస్తామన్న దాని మీదే ఫలితం ఉంటుంది. మన ప్రతిపాదనల్లో మొదటి పేరా ఎప్పుడూ దేశ జనాభా, వృద్ధుల శాతం, ఆరోగ్య వ్యవస్థ కొరతలతో నిండి ఉంటుంది. దాన్ని అతికిస్తే మ్యాచ్‌మేకర్ పేద దేశాల ఆరోగ్య సర్వేల వైపు లాక్కుపోతుంది. మన అసలు ప్రశ్న, మోకాలి నొప్పి ఉన్న వృద్ధుల్లో పడిపోవడాన్ని తగ్గించే వ్యాయామం లాంటిది, అడుగున పడిపోతుంది. నేపథ్యం కోసేసి లక్ష్యాలు, పద్ధతి, ఎవరి మీద చేస్తారు, ఏం కొలుస్తారు, ఈ నాలుగే ఉంచి మళ్లీ అతికించండి. రెండు ఫలితాలూ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా కళ్లకు కడుతుంది.

ప్రాజెక్టు పేజీ తెరిచాక డబ్బు అంకె చూసి మూసేయొద్దు. వివరాల భాగంలో ఆపర్చునిటీ నంబరు అని ఉంటుంది. ఏ ప్రకటన కింద ఆ దరఖాస్తు వెళ్లిందో అది చెబుతుంది. చాలా వాటికి పీఏ-20-185 కనిపిస్తుంది. ఏజింగ్ సంస్థ ప్రత్యేకంగా ఇచ్చిన పిలుపు కాదది. ఎవరి ఆలోచన వారు పంపుకునే సాధారణ ఆర్01 ప్రకటన (ఈ నంబరుది ఇప్పుడు గడువు ముగిసింది). అంటే మన అంశం మీద పిలుపేదీ లేదని నిరాశపడక్కర్లేదన్న మాట. కొత్త ఆర్01 గడువులు ఫిబ్రవరి 5, జూన్ 5, అక్టోబరు 5. ఆర్21, ఆర్03 అనే చిన్న గ్రాంట్లకు అవే నెలల్లో 16వ తేదీ. దరఖాస్తు చేసే సంస్థ ఉన్న ఊరి సమయం ప్రకారం సాయంత్రం 5 గంటల వరకు. ఆర్21లో రెండేళ్లకు కలిపి ప్రత్యక్ష ఖర్చు 2,75,000 డాలర్లు దాటకూడదు. ఏదైనా ఒక ఏడాదిలో ప్రత్యక్ష ఖర్చు 5 లక్షల డాలర్లు లేదా అంతకు మించితే, కనీసం ఆరు వారాల ముందే ప్రోగ్రామ్ అధికారి అనుమతి తీసుకోవాలి.

ఆ అధికారికి మెయిల్ రాయడానికి మనవాళ్లు జంకుతారు. జంకొద్దు, దరఖాస్తుదారులతో మాట్లాడటం వాళ్ల ఉద్యోగంలో భాగం. ఒక పేజీ లక్ష్యాల పత్రం జతచేసి, "ఇది మీ సంస్థ పరిధిలోకి వస్తుందా, ఏ ప్రకటన కింద పంపమంటారు" అని రెండే ప్రశ్నలు అడగాలి. సీవీ, ప్రచురణల జాబితా, పాత ప్రతిపాదన మొత్తం జతచేసిన మెయిల్‌కు జవాబు ఆలస్యమవుతుంది.

దేశం దగ్గర ఇండియా అని ఎంచుకుంటే వచ్చే జాబితా మోసపుచ్చుతుంది. గ్రాంటు నేరుగా భారతీయ సంస్థ పేరు మీద ఉంటేనే అందులో చేరుతుంది. లాసీ, లాసీ-డాడ్ గ్రాంట్లు అమెరికా విశ్వవిద్యాలయాల పేరు మీద ఉన్నందున, పని అంతా ఇక్కడి ఇళ్లలో జరిగినా ఆ వడపోతలో దొరకవు. దేశం ఖాళీగా వదిలి, సారాంశంలో ఇండియా అన్న మాట వెతకాలి. పైగా 2025 మే 1న విదేశీ ఉప గ్రాంట్ల పద్ధతినే మారుస్తున్నట్టు ఎన్‌ఐహెచ్ ప్రకటించింది. అందుకని పాత ప్రాజెక్టుల నమూనా చూసి అదే ఏర్పాటు రాసుకోవద్దు. భాగస్వామ్యం ఎలా చూపించాలో ముందు అడగండి.

నేరుగా మన సంస్థ నుంచే వేయాలంటే రిజిస్ట్రేషన్ల దగ్గర నెలలు కరిగిపోతాయి. ముందు సంస్థను గుర్తించే ఎన్‌కేజ్ కోడ్, దాంతో శామ్ అనే అమెరికా ప్రభుత్వ సైటులో నమోదు, అక్కడిచ్చే సంస్థ గుర్తింపు సంఖ్య యూఈఐ, ఆ తర్వాత దరఖాస్తులు పంపే గ్రాంట్స్ డాట్ గవ్, ఎన్‌ఐహెచ్ సొంత సైటు ఈఆర్‌ఏ కామన్స్. ఎక్కువసార్లు ఆగేది చిరునామా దగ్గర. ఎన్‌కేజ్‌లో రోడ్ అని పూర్తిగా రాసి శామ్‌లో పొట్టిగా రాసినా, ఒకచోట సొసైటీ పేరు, మరోచోట ఆసుపత్రి పేరు ఇచ్చినా వెనక్కి వస్తుంది. సొసైటీ రిజిస్ట్రేషన్ పత్రంలో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా అన్నిచోట్లా ఇవ్వాలి. శామ్ నమోదును ఏటా పునరుద్ధరించాలి. విదేశీ సంస్థలకు పరోక్ష ఖర్చు (సంస్థ నిర్వహణకిచ్చే సొమ్ము) 8 శాతమే, విడివిడి లెక్కలు లేకుండా గుండుగుత్తగా అడిగే మాడ్యులర్ బడ్జెట్ కుదరదు. ఇక్కడివైపు భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సచివాలయంగా ఉన్న ఆరోగ్య మంత్రిత్వ శాఖ స్క్రీనింగ్ కమిటీ అనుమతి, ట్రస్టులకు, సొసైటీలకు విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద నమోదు ఉండాలి. 2020 సవరణ తర్వాత విదేశీ సొమ్ము ఢిల్లీలోని నిర్దేశిత ఎస్‌బీఐ శాఖలోనే పడాలి, మరో సంస్థకు బదలాయించకూడదు. గుంటూరులో ఒక సంస్థ తీసుకుని వరంగల్‌లో మరొకరికి పంచుతామని బడ్జెట్‌లో రాస్తే అది నడవదు.

అమెరికాలో పోస్ట్‌డాక్ చేస్తున్న తెలుగు పిల్లలకు ఒక మాట. పరిశోధకుల వృత్తి ఎదుగుదలకిచ్చే గ్రాంట్లలో కే01, కే23లకు పౌరసత్వం గానీ గ్రీన్‌కార్డు గానీ కావాలి. కే99కు అక్కర్లేదు. పోస్ట్‌డాక్ అనుభవం నాలుగేళ్లు దాటకముందే వేయాలి. రిపోర్టర్‌లో కే99, ఏజీ ఎంచుకుని వెతికితే, ఏ విషయాల మీద ఇచ్చారో ఒక సాయంత్రంలో తేలిపోతుంది.

లోపాలూ చెప్పాలి. పునరావాసం వెతికినప్పుడు ఐ01, ఆర్‌ఎక్స్ సంకేతాలున్న ప్రాజెక్టులు బోలెడు వస్తాయి. అవి మాజీ సైనికుల శాఖవి, అక్కడ ఉద్యోగం ఉన్నవారికే. వాటిని చూసి ఆశపడొద్దు. తిరస్కరించిన దరఖాస్తులు కనిపించవు కాబట్టి పోటీ తీవ్రత తెలియదు. వైకల్యంతో స్వతంత్ర జీవనం మీద గ్రాంట్లిచ్చే నిడిల్‌ర్ వేరే సంస్థ. దాని ప్రాజెక్టుల కోసం నారిక్ డేటాబేస్ చూడాలి. దాని ప్రకటనల కోసం గ్రాంట్స్ డాట్ గవ్‌లో 93.433 అన్న పథకం సంఖ్యతో వెతకాలి. ఏజింగ్ సంస్థకు ఆ సంఖ్య 93.866. మాటలతో కంటే ఈ సంఖ్యలతో వెతికితే చెత్త తక్కువ. ఆ వెతుకులాటను ఈమెయిల్ హెచ్చరికగా పెట్టుకోవచ్చు.

మన దేశపు నిధులకు మాత్రం సారాంశం, మొత్తం, అధికారి పేరు ఇలా ఒక్క పేజీలో దొరికే సౌకర్యం అలవాటు చేసుకుని వెళ్లొద్దు. సహాయక పరికరాల పనికి కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ (డీఎస్‌టీ) సీడ్ విభాగంలోని టైడ్ పథకం వికలాంగులు, వృద్ధుల కోసమే ఉంది. పరికరాన్ని ఉత్పత్తి దాకా తెచ్చేవారికి, బయోటెక్ ఆవిష్కరణలకు నిధులిచ్చే ప్రభుత్వ సంస్థ బైరాక్‌ నడిపే బిగ్ పథకం కింద 18 నెలలకు 50 లక్షల రూపాయల వరకు వస్తుంది, పిలుపులు జనవరి 1న, జులై 1న. హైదరాబాద్ కేంద్రంగా ఉన్న ఇండియా అలయన్స్ ఫెలోషిప్పులకు భారత పౌరసత్వం అక్కర్లేదు, పని ఇక్కడ చేస్తే చాలు. 1,500 కోట్ల రూపాయలతో మూడో దశకు కేంద్ర మంత్రివర్గం 2025 అక్టోబరులో ఆమోదం తెలిపింది. వీటికి వేసేటప్పుడు కూడా మ్యాచ్‌మేకర్ పనికొస్తుంది: అక్కడ దొరికిన దగ్గరి ప్రాజెక్టుల్లో ఏం కొలిచారో చూసి, మన ప్రతిపాదనలో కొలమానాలు సరిచూసుకోవచ్చు.