పాలు పడని పసిపిల్లల కోసం గంటస్తంభం దగ్గరి చిరుధాన్యాల దుకాణం: ఎనిమిది నెలల కొనుగోళ్ల తరువాత

మా మనవరాలికి పాలు పడవు. ఈ మాట చెప్పగానే ఇంటికి వచ్చినవారిలో సగం మంది "మేకపాలు పట్టి చూడండి" అంటారు, మిగతా సగం మంది "పెద్దయితే అదే పోతుంది" అంటారు. రెండో మాటలో చాలా వరకు నిజం ఉంది. మొదటి మాట మాత్రం ప్రమాదకరమైనది, ఎందుకంటే మేకపాలలోనూ గేదెపాలలోనూ ఉండే ప్రొటీన్లు ఆవుపాల ప్రొటీన్లను దగ్గరగా పోలి ఉంటాయి కనుక, ఒకటి పడని బిడ్డకు రెండోదీ పడకపోవడమే ఎక్కువ.

ఏడో నెలలో మొదటిసారి పెరుగన్నం నాలుగు ముద్దలు పెట్టిన పావుగంటకే పాప మూతి చుట్టూ దద్దుర్లు లేచాయి, తిన్నదంతా కక్కుకుంది. పరీక్షలు చేయించిన పిల్లల డాక్టరుగారు ఇది లాక్టోజ్ అరగకపోవడం కాదని, అలర్జీ అని విడమరిచి చెప్పారు. లాక్టోజ్ పాలలోని చక్కెర. అది అరగకపోతే కడుపు ఉబ్బుతుంది, విరేచనాలవుతాయి. అలర్జీ అయితే, పాలు విరిగినప్పుడు గడ్డకట్టే కేసీన్ మీదా, తేటలో మిగిలే వే ప్రొటీన్ల మీదా ఒంట్లోని రక్షణ వ్యవస్థే తిరగబడుతుంది. కాబట్టి లాక్టోజ్ తీసేసిన పాలు కూడా మాకు పనికిరావు. కొద్దిపాటి పాల ప్రొటీన్ మిగిలి ఉండే నెయ్యి కూడా డాక్టరు అనుమతి లేకుండా ముట్టరాదు. తల్లిపాలు మాత్రం మానవద్దని ఆయన గట్టిగా చెప్పారు. ఇప్పుడు పాపకు పదహారో నెల, తల్లిపాలు ఇంకా తాగుతూనే ఉంది.

మిగతా తిండి సంగతి నా మీద పడింది. అమ్మాయి, అల్లుడు ఇద్దరూ ఉద్యోగస్తులు. పదవీ విరమణ చేసిన తాతకు సంచి పట్టుకుని బజారుకు వెళ్లడానికి, సీసాల మీది సన్నని అక్షరాలను భూతద్దంతో చదవడానికి తీరిక ఉంది. అలా దొరికినదే విజయనగరంలో గంటస్తంభం దగ్గర ఒక సందులో ఉన్న చిరుధాన్యాల దుకాణం. బయట బల్ల మీద "పాలు లేని పిల్లల ఆహారం" అని చేత్తో రాసిన అట్ట ఉంటుంది. దుకాణం పేరు నేను రాయడం లేదు. కొంత కారణం ముందు ముందు చెప్పబోయే ఫిర్యాదు. మరికొంత కారణం, రెండేళ్ల లోపు పిల్లల పాలపొడులకూ ఆహారాలకూ ప్రకటనలు చేయరాదని మన దేశంలో 1992లో వచ్చి 2003లో మరింత కట్టుదిట్టమైన చట్టం. అందుకే డాక్టరుగారు కొంతకాలం రాసిచ్చిన, ప్రొటీన్లను ముక్కలు చేసి తయారుచేసే ప్రత్యేకమైన పొడి గురించి కూడా ఇక్కడ మాట్లాడను. అది మందుల చీటీతో కొనవలసినదే తప్ప పక్కింటివారి మాట మీద కొనవలసినది కాదు.

దుకాణంలో అన్నిటికన్నా మంచి సరుకు మొలకెత్తించిన చోడిపిండి. చోళ్లు అంటే తెలియని బయటి ప్రాంతాలవారు రాగులు అనుకోవాలి. ఇక్కడ చోళ్లను ఒక రాత్రి నానబెట్టి, గుడ్డలో మూటగట్టి మొలకలు రానిచ్చి, నీడన ఆరబెట్టి, దోరగా వేయించి ఆడిస్తారు. పొట్లం విప్పగానే వచ్చే వాసనే వేరు. మా అమ్మ కుంపటి మీద చోళ్లు వేయించిన రోజులు గుర్తుకు వచ్చాయి. మొలకెత్తించడం రుచి కోసమే కాదు. మొలకలో పుట్టే ఎంజైములు పిండిపదార్థాన్ని కొంత విడగొడతాయి కాబట్టి, మామూలు పిండితో గరిటె నిలబడేంత చిక్కగా అయ్యే జావ ఈ పిండితో జారుగా ఉంటుంది. కడుపు చిన్నదైన బిడ్డకు నీళ్లు ఎక్కువ పోసి పలుచన చేయనక్కరలేకుండానే మింగుడుపడే జావ దొరుకుతుంది, అంటే అదే గిన్నెలో ఎక్కువ బలం పడుతుంది.

కాచే పద్ధతి దుకాణంలో ఎవరూ చెప్పరు, నాలుగుసార్లు పాడుచేసుకుని నేను నేర్చుకున్నాను. రెండు పెద్ద చెంచాల పిండిని ముందు చల్లటి నీళ్లలో వేలితో చిదిపి కలపాలి. మరిగే నీళ్లలో పొడిగా పోస్తే ఉండలు కడుతుంది, ఆ ఉండల నడుమ పచ్చిపిండి మిగిలిపోతుంది. సన్నని సెగ మీద కలుపుతూ ఉంటే మొదట బూడిదరంగులో ఉన్నది క్రమంగా ముదురు గోధుమరంగుకు తిరిగి, పైన నిగనిగలాడే మెరుపు వస్తుంది. ఆ మెరుపు వచ్చాక మరో నాలుగైదు నిమిషాలు ఉంచితే పచ్చివాసన పూర్తిగా పోతుంది. దింపాక అరచెంచా గానుగ నువ్వులనూనెగానీ కొద్దిగా కొబ్బరిపాలుగానీ కలుపుతాము. ఏడాది నిండేవరకు ఉప్పు, బెల్లం వేయలేదు. తేనె అయితే ఏడాదిలోపు బిడ్డకు నాకించను కూడా నాకించరాదు, అందులో ఉండగల సూక్ష్మజీవుల వల్ల బొటులిజం అనే జబ్బు వచ్చే ప్రమాదం ఉంది.

ఇంత మెచ్చుకున్నాక ఒక లోపం చెప్పాలి. రెండు పొట్లాలలో ఇసుక తగిలింది. గిన్నె అడుగున నాలుక మీద కరకరలాడేంత. చోళ్ల గింజ ఎంత చిన్నదో అందులో కలిసే ఇసుకరేణువూ అంతే ఉంటుంది, ఒకటికి రెండుసార్లు గాలించకపోతే పోదు. చెప్పాక జాగ్రత్తపడ్డారు. అరకిలో పొట్లం నూటయాభై రూపాయలు. ముడి చోళ్ల ధరతో పోలిస్తే ఎక్కువే, చాకిరీని బట్టి చూస్తే న్యాయమే.

అసలు అభ్యంతరం ఆ పొట్లం మీది వాక్యంతో. "పాలకన్నా మూడు రెట్ల కాల్షియం" అని అచ్చువేశారు. లెక్క తప్పు కాదు: వంద గ్రాముల చోళ్లలో సుమారు 360 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటే, వంద మిల్లీలీటర్ల ఆవుపాలలో సుమారు 120 ఉంటుంది. కాని ఏ పసిబిడ్డ అయినా ఒక పూట వంద గ్రాముల చోడిపిండి తింటుందా? మా పాప గిన్నెలో పడేది ఇరవై గ్రాములు, అంటే డెబ్బై పైచిలుకు మిల్లీగ్రాములు. రెండు పూటలా తిన్నా నూటయాభైకి అందదు. ఒకటి నుంచి మూడేళ్ల పిల్లలకు రోజుకు 500 మిల్లీగ్రాములు కావాలని భారత వైద్య పరిశోధన మండలి సిఫారసు. పైగా గింజలలోని ఫైటేట్లు కాల్షియాన్ని పట్టి ఉంచుతాయి, మొలకెత్తిస్తే వాటి పట్టు కొంత సడలుతుందిగాని పూర్తిగా పోదు. అంచేత ఇది మంచి తిండే, పాలకు బదులు మాత్రం కాదు. పొట్లం మీది ఆ వాక్యం చూసి, జావ పడుతున్నాము కదా అని డాక్టరు రాసిన కాల్షియం చుక్కలు మానేసిన ఒక తల్లిని ఆ దుకాణం ముందే చూశాను. అందుకే ఈ లెక్క ఇంత సాగదీసి చెప్పవలసి వచ్చింది.

ఇక పెరుగు సంగతి. దుకాణంలో చిన్న చిన్న మూకుళ్లలో వేరుశనగ పెరుగు, జీడిపప్పు పెరుగు అమ్ముతారు. జీడిపప్పు పలాసది, పాలరాయిలా తెల్లగా, కమ్మగా, అన్నంలో కలిపితే తెలియనివారు గేదె పెరుగే అనుకునేట్టు ఉంటుంది. మొదటిరోజు నేను కొని, పాపకు పెట్టే ముందు నోట వేసుకున్నాను. పులుపు మరీ అచ్చంగా పెరుగు పులుపే. అనుమానం వచ్చి వెనక్కి వెళ్లి దేనితో తోడు పెట్టారని అడిగాను. దుకాణం నడిపే ఆమె ఏ దాపరికమూ లేకుండా "పెరుగుకి పెరుగే తోడు కదా మాస్టారూ, ఇంకేటి ఏస్తాం?" అంది. గేదె పెరుగు, మూకుడుకు ఒక చెంచా! బయట అట్ట మీద మాత్రం "పాలు లేని" అన్న మాట.

ఆమెది మోసం అనను. పాలు మానాలనుకునే పెద్దలకు ఒక చెంచా లెక్కలోకి రాదు. అలర్జీ ఉన్న బిడ్డకు ఆ చెంచాయే దద్దుర్లకో వాంతులకో, కొందరిలో ముఖం వాచి ఊపిరి ఆడక ఆసుపత్రికి పరుగెత్తవలసిన స్థితికో దారితీస్తుంది. ఈ తేడా ఆమెకు ఎవరూ చెప్పలేదు. పచ్చిమిరపకాయల తొడిమలను గోరువెచ్చని పప్పుపాలలో, అంటే వేరుశనగగానీ జీడిపప్పుగానీ రుబ్బి తీసిన పాలలో, వేసి రాత్రంతా ఉంచితే పాల పెరుగు అవసరం లేకుండానే తోడుకుంటుందని, మొదటిసారి పలుచగా వచ్చినా దానితోనే మరునాడు తోడు పెడితే గట్టిపడుతుందని చెప్పాను. రెండు వారాల తరువాత వెళితే తొడిమల పెరుగు విడిగా, ఆకుపచ్చ దారం కట్టిన మూకుళ్లలో పెడుతున్నారు. మేము ఇప్పుడు కొనేది అదే, అదీ వేరుశనగ, జీడిపప్పు పడతాయని ముందే తేల్చుకున్నాక. అవి కూడా అలర్జీ తెచ్చే జాబితాలో ఉన్నవే కాబట్టి, మొదటిసారి డాక్టరుగారి సలహాతో, పగటిపూట, కొనవేలంత మాత్రమే పెట్టి చూశాము. గింజలుగా మాత్రం ఇంకా చేతికివ్వము, గొంతుకు అడ్డం పడతాయి.

కొబ్బరిపాల విషయంలో నా మాట సూటిగా చెబుతాను: కొనకండి. కొబ్బరికాయలు ఉద్దానానివే, అందులో లోటు లేదు. 2018 అక్టోబరులో పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపానుకు నేలకొరిగిన ఆ తోటలు మళ్లీ కాపుకు రావడం చూస్తే సంతోషంగానే ఉంటుంది. కాని ఉదయం పిండిన పాలను మధ్యాహ్నం దాకా బయటి వేడిలో సీసాలలో ఉంచి అమ్ముతున్నారు. మే నెలలో విజయనగరం ఎండ తెలిసినవారికి వేరే చెప్పాలా? ఇంట్లో అరచిప్ప తురిమి పిండుకుంటే పది నిమిషాల పని. అయినా కొబ్బరిపాలలో కొవ్వు ఎక్కువ, ప్రొటీనూ కాల్షియమూ బాగా తక్కువ కాబట్టి అవి కూరలోకి, జావలోకి బాగుంటాయిగాని గ్లాసులో పోసి తాగించేవి కావు.

ప్యాకెట్ సోయాపాలు దుకాణంలో ఒక అరలో ఉంటాయి. మొక్కల పానీయాలలో ప్రొటీన్ విషయంలో ఆవుపాలకు దగ్గరగా వచ్చేవాటిలో ఇది ఒకటి, అయితే చక్కెర లేనిది, కాల్షియం కలిపినది అని ప్యాకెట్ మీద చూసి తీసుకోవాలి. ఇక్కడ ఉన్నది తీపిది, వెనిల్లా వాసనది. వెనక్కి పెట్టేశాను. ఏడాది నిండని బిడ్డకు ఇలాంటివేవీ పాలుగా పట్టకూడదు, ఆ తరువాత కూడా ఎంత పట్టాలో డాక్టరునే అడగాలి.

నువ్వులు, బెల్లం దంచి చేసే చిమ్మిలి ఉండలు రుచికరం. నువ్వులలో కాల్షియం చోళ్లకన్నా చాలా ఎక్కువే, కాని తీపి మోతాదు మించింది. పాపకోసం కొని చివరకు నేనే తిన్నాను.

పన్నెండు రకాల గింజల "హెల్త్ మిక్స్" గురించి ఒక హెచ్చరిక. ఇదే దుకాణం పెద్దల కోసం పాలపొడి కలిపిన మిక్స్ కూడా తయారుచేస్తుంది, రెండిటినీ ఒకే మరలో ఆడిస్తారు. పైన అంటించిన కాగితంలో ఆ మాట లేదు. ప్యాకెట్లలో అమ్మే ఆహారంలో పాలు ఉంటే ఆ సంగతి స్పష్టంగా తెలపాలని మన ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నిబంధన. పెద్ద కంపెనీల డబ్బాల మీద మిల్క్ సాలిడ్స్, వే పౌడర్, కేసీనేట్ అన్న పేర్లతో అది కనబడుతుంది. ఇంటి తయారీ పొట్లాల మీద కనబడదు కనుక నోరు తెరిచి అడగడం తప్ప దారి లేదు. నేను అడిగాకే మర సంగతి బయటపడింది.

ఇంకొక లోటును ఏ గింజా పూడ్చదు. మొక్కల ఆహారంలో విటమిన్ బి12 ఉండదు. మా ఇంట్లో గుడ్డు, చేప తింటాము కాబట్టి ఉడికిన గుడ్డు, ముళ్లు మెత్తగా నలిగే నెత్తళ్ల పులుసు పాపకు అలవాటు చేశాము. చిన్న చేపను ముళ్లతో సహా తింటే కాల్షియమూ అందుతుంది. శాకాహారుల ఇళ్లలో పాలూ లేకపోతే బి12 చుక్కల సంగతి డాక్టరుతో తప్పక మాట్లాడాలి.

ఆవుపాల అలర్జీ చాలామంది పిల్లలలో మూడు నుంచి ఐదేళ్ల మధ్యకు తగ్గిపోతుంది. మా డాక్టరుగారు కొన్ని నెలల తరువాత ఆసుపత్రిలోనే, తమ కళ్ల ముందే కొద్దికొద్దిగా పాలు ఇచ్చి చూస్తామన్నారు. ఇంట్లో ఆ ప్రయోగం చేయవద్దన్నారు. అంతవరకు నేను ఈ దుకాణానికి వెళుతూనే ఉంటాను, చోడిపిండికీ ఆకుపచ్చ దారం మూకుడుకీ మాత్రమే. మరను ఆదివారం సాయంత్రం విప్పి కడుగుతారు. సోమవారం ఉదయం ఎనిమిదింటికి పడే మొదటి వాయి చోళ్లు మావి. ఆడుతున్నంతసేపూ పక్కనే నిలబడి ఉంటాను, ఆమె కూడా ఇప్పుడు ఏమీ అనుకోవడం లేదు.