టీవీ మ్యాపా, రాష్ట్రాల బ్యాలెట్టా?

అమెరికా ఎన్నికలను ఇక్కణ్ణుంచి చూడ్డానికి రెండు దారులు. ఒకటి ఎరుపు (రిపబ్లికన్లు), నీలం (డెమోక్రాట్లు) రంగుల మ్యాపు. 2024 నవంబరు 6 తెల్లవారుజామున నాలుగున్నరకి, అక్కడ మొదటి పోలింగ్ కేంద్రాలు మూసే వేళకి, టీవీ ముందు కూర్చున్నాను. చివరికి ట్రంప్‌కి 312, హారిస్‌కి 226 ఎలక్టోరల్ ఓట్లు. ఉత్కంఠకి లోటు లేదు, కానీ ఆ రంగులు చూస్తే సగం దేశం మిగతా సగానికి శత్రువేమో అనిపిస్తుంది.

రెండోది, అదే రోజు జనం నేరుగా ఓటేసిన రాష్ట్రాల ప్రతిపాదనలు. నాకు ఇదే నచ్చింది. మిస్సోరి ట్రంప్‌ని భారీ ఆధిక్యంతో గెలిపించింది; అదే బ్యాలెట్‌లో, ఆయన పార్టీ సాధారణంగా వ్యతిరేకించే గర్భస్రావ హక్కుని రాష్ట్ర రాజ్యాంగంలో చేర్చింది. అంటే రెండింటికీ ‘సరే’ అన్నవాళ్లు లక్షల్లో ఉన్నారు. మ్యాపులో వాళ్లు కనిపించరు. ఫ్లోరిడాలో అలాంటి సవరణకే 57 శాతం మద్దతిచ్చినా 60 శాతం కావాలన్న నిబంధన వల్ల వీగిపోయింది.

2022లో అమెరికా సుప్రీంకోర్టు గర్భస్రావం విషయాన్ని రాష్ట్రాలకి వదిలేసింది. టెక్సాస్‌లో ఉన్న మా అక్క కూతురు ఇప్పుడు గర్భవతి. ఆమెకి వర్తించేది ఆ రాష్ట్ర చట్టమే. అక్కడ పౌరులు సంతకాలు సేకరించి ఇలాంటి ప్రశ్నని బ్యాలెట్‌పైకి తెచ్చే వీలే లేదు.