స్టార్ వార్స్: రిలీజ్ ఆర్డరా, కథ ఆర్డరా, ఫ్లాష్‌బ్యాక్ ఆర్డరా? ఏది మేలు?

బెజవాడలో అయినా గుంటూరులో అయినా నలుగురు స్టార్ వార్స్ ఫ్యాన్స్ ఒకచోట చేరితే మూడు విషయాల మీద గొడవ ఖాయం. ప్రీక్వెల్స్ బాగున్నాయా లేదా, ఎనిమిదో ఎపిసోడ్ గొప్పదా చెత్తదా, కొత్తవాళ్ళకి ఏ వరుసలో చూపించాలి. మొదటి రెండూ ఎవరి రుచి వాళ్ళది, ఎంత అరుచుకున్నా తేలవు. మూడోది తేల్చొచ్చు. ఇప్పుడు మనకి దొరుకుతున్న ప్రింట్లలో ఏముందో చూస్తే చాలు. అలా చూసినవాడిగా నా మాట చాలామందికి మింగుడుపడదు: 4-5-6-1-2-3 అనే రిలీజ్ ఆర్డర్ ఒకప్పుడు తిరుగులేనిదే గానీ, ఇప్పుడు కాదు. (కింద వాడిన నంబర్లన్నీ ఎపిసోడ్ నంబర్లే. ముందు వచ్చిన పాత మూడు సినిమాలు 4-5-6, వాటి వెనక కథగా తర్వాత తీసిన 1-2-3 ప్రీక్వెల్స్.)

ముందు కథ ఆర్డర్ సంగతి. 1 నుంచి 6 దాకా వరసగా చూడటానికి అనుకూలంగా ఒక గట్టి పాయింటే ఉంది, దాన్ని ఎవరూ సరిగ్గా చెప్పరు. పాత మూడు సినిమాల్లో పెద్ద విలన్ అయిన చక్రవర్తిని ఒక్కరు కూడా పేరు పెట్టి పిలవరు. కాబట్టి 1తో మొదలుపెట్టినవాళ్ళకి నవ్వుముఖంతో తిరిగే సెనేటర్ పాల్పటీన్ చివరికి ఏమవుతాడో తెలీదు. ఆ సస్పెన్స్ ఈ ఆర్డర్‌లో పూర్తిగా దొరుకుతుంది. ఇక 5లో విలన్ వేడర్ హీరో ల్యూక్‌తో అనే ‘నేనే నీ తండ్రిని’ ట్విస్ట్ పాడైపోతుందన్న వాదన నేను పట్టించుకోను. మీమ్స్ పుణ్యమా అని సినిమా చూడనివాళ్ళకి కూడా ఆ ముక్క తెలుసు.

కథ ఆర్డర్ దెబ్బతినేది వేరే చోట. 5లో ల్యూక్ గురువు యోడాని వెతుక్కుంటూ దగోబా గ్రహం బురదలో దిగాక ఓ ముసలి జీవి వచ్చి అతని తిండి డబ్బా కెలుకుతుంది, చిన్న దీపం కోసం రోబో ఆర్2డీ2తో కలబడుతుంది, గుడిసెకి తీసుకెళ్ళి తిండి పెడుతుంది. యోడా దగ్గరికి ఎప్పుడు తీసుకెళ్తావని ల్యూక్ విసుక్కుంటాడు. ఆ జీవే యోడా, ఆ విసుగే పరీక్ష. అప్పటికే మూడు సినిమాల్లో యోడాని చూసేసి, 2లో అతని కత్తియుద్ధం కూడా చూసినవాళ్ళకి ఈ సీన్లన్నీ ఉత్త కాలయాపన. పైగా 3లో లావా మీద తండ్రీకొడుకుల్లా పెరిగిన గురుశిష్యులు ఓబీవాన్, అనాకిన్ (తర్వాత వేడర్ అయ్యేది ఇతనే) వీరంగం వేస్తారు. ఆ వెంటనే 4 పెడితే, అదే ఇద్దరూ 1977 నాటి కారిడార్‌లో మెల్లగా కర్రలు తగిలించుకుంటున్నట్టు కనిపిస్తారు. కొత్తవాళ్ళు ఫోన్ చేతిలోకి తీసుకునేది సరిగ్గా అక్కడే.

ఇప్పుడు అసలు సంగతి. 1977, 1980, 1983లో వచ్చిన పాత మూడు సినిమాలు ఇప్పుడు స్ట్రీమింగ్ యాప్‌లో ఉన్న రూపంలో రాలేదు. 1997 స్పెషల్ ఎడిషన్, 2004 డీవీడీ, 2011 బ్లూరే, 2019 స్ట్రీమింగ్, ఇలా విడత విడతకీ మార్పులు జరిగాయి. 4లో హాన్ ముందు కాల్చాడా, గ్రీడో ముందు కాల్చాడా అని కొట్టుకునేవాళ్ళని కొట్టుకోనివ్వండి, చూసే వరుసకి దానితో పనిలేదు. పని ఉన్నది 6 ఆఖరి సీన్‌తో.

ఎండోర్ అడవిలో రాత్రి సంబరం. ల్యూక్ పక్కకి తిరిగి చూస్తే ఓబీవాన్, యోడా ఆత్మలు కనిపిస్తాయి, వాళ్ళ పక్కన మూడో ఆత్మ వస్తుంది. 1983 ప్రింట్‌లో ఆ మూడో మనిషి సెబాస్టియన్ షా, అంటే కాసేపటి క్రితం వేడర్ ముసుగు తీసినప్పుడు మనం చూసిన ముసలాయన. చూసినవాళ్ళకి వెంటనే అర్థమయ్యేది. 2004లో ఆయన్ని తీసేసి, ప్రీక్వెల్స్‌లో కుర్ర అనాకిన్‌గా చేసిన హేడెన్ క్రిస్టెన్‌సన్‌ని పెట్టారు. రిలీజ్ ఆర్డర్‌లో చూసే కొత్తవాళ్ళు ఆ కుర్రాణ్ణి అంతకుముందు ఎక్కడా చూసి ఉండరు. ఆరు సినిమాల్లోకెల్లా బరువైన క్షణంలో పక్కవాడు ‘ఈ కుర్రాడెవడు?’ అంటాడు. అంతే, సీన్ పోయింది. సంబరాల్లో వచ్చే కోరసాంట్ 1997లో కలిపింది, నాబూ 2004లో కలిపింది. ఆ రెండు గ్రహాలూ ప్రీక్వెల్స్ చూసినవాళ్ళకే తెలుసు. 5లో చక్రవర్తి హోలోగ్రామ్‌ని కూడా ప్రీక్వెల్స్ నటుడు ఇయాన్ మెక్‌డియార్మిడ్‌తో మళ్ళీ తీశారు. ‘ఆ కుర్రాడు అనాకిన్ స్కైవాకర్ బిడ్డే’ అన్న అర్థంలో ఓ మాట కూడా అక్కడ చేర్చారు.

అంటే 6ని 3 తర్వాత చూడాల్సిన సినిమాగా తయారుచేసిందే వీటి సృష్టికర్త జార్జ్ లూకాస్. 2006 డీవీడీల్లో బోనస్ డిస్క్‌గా వచ్చిన పాత ప్రింట్లు ఎవరి దగ్గరైనా ఉంటే హాయిగా రిలీజ్ ఆర్డరే పెట్టుకోండి, నాకే అభ్యంతరం లేదు. లేనివాళ్ళకి 4-5-1-2-3-6.

ఈ వరుస మన ప్రేక్షకుడికి ఎవరూ నేర్పనక్కర్లేదు. ఫస్టాఫ్, ఇంటర్వెల్ బ్యాంగ్, సెకండాఫ్‌లో పెద్దాయన ఫ్లాష్‌బ్యాక్, మళ్ళీ క్లైమాక్స్. తెలుగు సినిమా చూసినంత సులువుగా చూసేస్తారు. 5 చివర ట్విస్ట్ ముందే తెలిసినా, ఆ మనిషి ఇలా ఎలా అయ్యాడన్న ప్రశ్న మాత్రం అక్కడే పుడుతుంది. జవాబు వెంటనే వస్తుంది.

లాభం 6 మొదట్లోనే తెలుస్తుంది. ల్యూక్ నల్లబట్టల్లో, తలమీద ముసుగుతో గ్యాంగ్‌స్టర్ జబ్బా కోటలోకి నడిచొస్తాడు. పందిమొహం కాపలావాళ్ళు అడ్డొస్తే చెయ్యెత్తుతాడు, వాళ్ళు గొంతులు పట్టుకుని వెనక్కి తగ్గుతారు. 5 అవ్వగానే చూస్తే అది హీరో ఎంట్రీ, ఈల వేస్తారు. 3 చూసిన రోజే చూస్తే ఈల రాదు, అలా గొంతు నొక్కే చెయ్యి వాళ్ళ నాన్నది. తర్వాత వేడర్ చెయ్యి నరికి, తెగిన తీగలని చూసి, గ్లవ్ వేసిన తన చేతి వైపు చూసుకుంటాడు. 2లో అనాకిన్ చెయ్యి తెగడం గుర్తున్నవాళ్ళకి డైలాగ్ అక్కర్లేదు.

నష్టమూ ఉంది. 6లో ల్యూక్ కవల సోదరి లేయా తన కన్నతల్లి కొంచెం గుర్తుందని, అందంగా, దిగులుగా ఉండేదని చెబుతుంది. 3లో ఆ తల్లి కవలల్ని కనగానే చనిపోతుంది. ఈ వరుసలో రెండిటి మధ్యా ఎడం తక్కువ కాబట్టి తప్పక దొరికిపోతుంది. ‘ఫోర్స్ (ఆ కథలోని అతీతశక్తి) వల్ల గుర్తుంది’ లాంటి అతుకులు వెయ్యకండి, అది స్క్రిప్ట్ తప్పు అని ఒప్పేసుకుని ముందుకెళ్ళండి.

2011 నుంచి నెట్‌లో తిరుగుతున్న మషేటీ ఆర్డర్ కూడా ఇదే, కాకపోతే 1ని ఎత్తేస్తారు. దీనికి నేను ఒప్పుకోను. 1 లేకపోతే 2లో అనాకిన్ తల్లి ష్మీ చావు ఎవరో ముక్కూమొహం తెలియనావిడ చావు. అంతకన్నా ముఖ్యం, ‘1లో రాజకీయం బోరు’ అన్నమాట అమెరికావాళ్ళకి చెల్లుతుందేమో గానీ, వెలగపూడి అసెంబ్లీకి ఇటూ అటూ ఉన్న మనకి చెల్లదు. పాల్పటీన్ ఏం చేస్తాడు? తన సొంత గ్రహం మీద దిగ్బంధం తనే చాటున నడిపిస్తాడు. చిన్నపిల్ల రాణిని ఎగదోసి ఛాన్సలర్ వలోరమ్ మీద అవిశ్వాసం పెట్టిస్తాడు. మనకి సానుభూతి ఓట్లు పడతాయని తన నోటితోనే అంటాడు. టీకొట్టు దగ్గర నిలబడ్డ ఎవరైనా విడమరిచి చెప్పగల ఎత్తు ఇది. 1లోని కామెడీ పాత్ర జార్ జార్ బాధ తప్పుతుందనుకుంటే అదీ లేదు. 2లో ఛాన్సలర్‌కి ఎమర్జెన్సీ అధికారాలు ఇవ్వమని సభలో ప్రతిపాదించేది ఆ మహానుభావుడే.

చూసే పద్ధతి: మూడు ఆదివారాలు, ఒక్కోసారి నాలుగున్నర గంటలు అటూఇటూగా. మొదటి వారం 4, 5. రెండో వారం 1, 2. మూడో వారం 3, 6. ఆఖరి రెండూ ఒకే పూట పడటమే ఇందులో కిటుకు, వాటిని విడదీయకండి. మే నెలైతే మధ్యాహ్నం ఎలాగూ బెజవాడలో బయట కాలు పెట్టలేం. ఆటోప్లే ఆపేయండి, లేకపోతే 5 టైటిల్స్ పడుతుండగానే 6 మొదలైపోవచ్చు. 1 పెట్టే ముందు రెండు ముక్కలు చెప్పండి: కథ 30 ఏళ్ళకి పైగా వెనక్కి వెళ్ళింది, ఇందులో కనిపించే బుడ్డోడే వేడర్. అది చెప్పకపోతే పన్నుల గొడవతో మొదలయ్యే ఆ సినిమాలో మొదటి పావుగంట ఎవరికీ ఏమీ ఎక్కదు.

మిగతావి: 7-8-9 తర్వాత వరసగా, ఓపిక ఉంటే. రోగ్ వన్ సినిమా కథ 4కి సరిగ్గా ముందు ఆగుతుంది కదా అని ముందు పెట్టకండి, 6 అయ్యాకే దాని రుచి. ఆండోర్ సిరీస్ 24 ఎపిసోడ్లూ దాని ముందు చూస్తే ఇంకా మంచిది. సోలో సినిమా చూడకపోయినా కొంప మునగదు. క్లోన్ వార్స్ సిరీస్ 2కీ 3కీ మధ్య కథే గానీ 133 ఎపిసోడ్లు, మొదటిసారి చూస్తున్నవాళ్ళ మీద రుద్దకండి.

ఎనిమిదీ తొమ్మిదేళ్ళ పిల్లలుంటే మాత్రం పైన చెప్పిందంతా పక్కన పెట్టి 4-5-6 చూపించి, కావాలంటే 1 కలపండి. ఆ కుర్రాడెవరని అడిగితే వేడర్ వయసులో ఉన్నప్పుడని చెప్పేయండి. 3లో జెడై వీరుల గుళ్ళో పసిపిల్లల్ని చంపడం, చివర్లో మనిషి కాలడం ఉన్నాయి. ఆ సిరీస్‌లో అమెరికాలో పీజీ-13 (13 ఏళ్ళ లోపు పిల్లలకి తగకపోవచ్చన్న హెచ్చరిక) పడ్డ మొదటి సినిమా అదే.