ఇరవై సెల్స్ బ్రెయిలీ డిస్‌ప్లే: హాయంతా బాగానే ఉంది, ఆ మూడో చుక్క తప్ప

రాసిందాన్ని వేలికి తగిలే చుక్కలుగా లేపే మెషిన్ ఇది; సెల్ అంటే ఒక అక్షరం పట్టే చుక్కల గడి. బ్లూటూత్, ఎస్‌డీ కార్డ్ సంగతులు మీకు తెలిసినవే, వదిలేస్తున్నాను. నేను విజయనగరంలో గాత్రం చెప్పే మాస్టారిని. చూపు లేనివాళ్లు పాట నేర్చుకోవడం మా ఊళ్లో వింతేమీ కాదు. 1919లో పెట్టిన మహారాజా సంగీత కళాశాల ఒక అంధ బాలుడి కోసమే మొదలైందని ఇక్కడ చెప్పుకుంటారు. నాకు కావలసిందల్లా పాడేటప్పుడు చెవిలో ఇంకో గొంతు లేకపోవడం. ఫోన్ సాహిత్యం చదివిపెడుతుంది, నిజమే. తంబూరా మీద ఆ మాట వచ్చి పడితే శ్రుతి నిలబెట్టుకోవడం నా వల్ల కాదు. ఈ మెషిన్‌తో ఎడమ చూపుడు వేలు సాహిత్యం మీద, కుడి చెయ్యి తొడ మీద తాళం. ఇంత హాయి ఇంకే వస్తువూ ఇవ్వలేదు.

చప్పుడే ఉండదని కొన్న కొత్తలో అందరికీ చెప్పాను. ఉంటుంది. లైను మారినప్పుడల్లా చుక్కలు చిటచిటమంటాయి. మృదంగం మోగుతుంటే తెలియదు, ఆలాపనలో మాత్రం పక్కన కూర్చున్న వయొలిన్ ఆయనకి వినపడుతుంది.

అసలు గొడవ వానాకాలంలో. ఉన్నవి ఇరవై సెల్సే కాబట్టి స్వరానికి ఒక్క అక్షరమే వాడతాను: స ర గ మ ప ద న (ద అంటే ధైవతం, న అంటే నిషాదం). కల్యాణి రాగంలో చిట్టస్వరం, అంటే కీర్తన మధ్యలో పాడే స్వరాల వరస, చెబుతుంటే ఒక అమ్మాయి ఆపింది. "మాస్టారూ, నిన్న అక్కడ నిషాదం కదండీ, ఇవాళ ధైవతం అంటున్నారేటి?" వేలికింద ఉన్నది ద నే. ముందు ఒక ఖాళీ కొట్టి పక్క సెల్లోకి జరిపితే శుభ్రంగా న. లైను నిండా ఢ కొట్టాను, ఆరు చుక్కలూ లేచే అక్షరం అదే కదా. ఏడో సెల్లో ఎడమవైపు కింద ఉండాల్సిన మూడో చుక్క లేదు. అది పోతే మ కాస్తా చ అవుతుంది, స పోయి ఇ అవుతుంది, అవి వెంటనే దొరికిపోతాయి. న పోయి ద అయితే, రెండూ కల్యాణిలో స్వరాలే కనక రాగం చెడదు, ఇక పట్టుకునేదెవరు? బ్రెయిలీలో అక్షరాల ముందు అంకెల గుర్తు పెడితే అవే అంకెలవుతాయి; ఫీజుల లెక్కలో ఆ గుర్తు ఏడో సెల్లో పడి 50 కాస్తా "ళేజ" అయింది!

నాది పిజో రకం. ఒక్కో చుక్కకీ సన్నటి బద్ద ఉంటుంది, కరెంటు ఇస్తే వంగి చుక్కని లేపుతుంది. చెమటో దుమ్మో పట్టిందన్నారు అమ్మినవాళ్లు. సెల్ మార్పించి తెప్పించేసరికి దసరా కచేరీలు అయిపోయాయి.

మోనార్క్ అని ఇంకో బ్రెయిలీ డిస్‌ప్లే వచ్చింది: 10 వరసలు, వరసకి 32 సెల్స్, బొమ్మలు కూడా లేస్తాయి. పైన స్వరం, కింద సాహిత్యం ఒకేసారి తడమొచ్చు. గమకాన్ని, అంటే స్వరాన్ని ఊపి పాడే తీరుని, వంపు తిరిగే గీతలా పిల్లల వేలికి అందించొచ్చేమో అని నా ఊహ. దాని ధర నా ట్యూషన్ ఫీజులకి అందేది కాదులెండి.

కొనమంటారా అంటే, చిన్నప్పటి నుంచి బ్రెయిలీ వేళ్లకి అలవాటైన గాత్రం వాళ్లయితే కొనుక్కోండి, చేతిలో డబ్బుంటేనే. చూపు మధ్యలో పోయినవాళ్లకి ముందు ఫోనే నయం. వయొలిన్ వాళ్లకి రెండు చేతులూ పనిలోనే ఉంటాయి, వాళ్లకి నేను చెప్పను.