సమోవా వెళితే ఏ దీవి మేలు: ఉపోలూనా, సవాయియా?

పసిఫిక్ మహాసముద్రంలోని సమోవా దేశంలో పెద్ద దీవులు రెండు. విమానాశ్రయం, రాజధాని ఆపియా ఉపోలూలో ఉన్నాయి. సవాయి అంతకంటే పెద్దది, జనం మాత్రం పలచన. అయిదు రోజుల లోపు సెలవైతే ఉపోలూ దాటకండి. వారం చేతిలో ఉండి, అక్కడివాళ్ల బతుకు దగ్గరగా చూడాలనుకుంటే సవాయే మేలు. ఆదివారం అక్కడ గడిచేలా చూసుకోండి.

చూడదగ్గవాటికి ఉపోలూ ఏం తీసిపోదు. లాలోమను తీరం ఉంది, లొతొఫాగా దగ్గర సముద్రపు నీరు నిండి, ఈతకు దిగే తో సువా గుంట ఉంది. గుంటలోకి నిచ్చెన మీద దిగాలి, తడిస్తే మెట్లు జారతాయి. సవాయిలో 1905 నుంచి 1911 దాకా మతవాను అగ్నిపర్వతం కక్కిన లావా సలెయౌలా చర్చి లోపలికి వచ్చి గడ్డకట్టింది. రెండు చోట్లా భూమి చాలావరకు ఊరివాళ్లదే. అందుకే జలపాతానికీ తీరానికీ విడిగా రుసుం కట్టాలి, చిల్లర తాలాలు (అక్కడి డబ్బు) దగ్గరుంచుకోండి.

సవాయికి ములిఫనువా రేవు నుంచి ఫెర్రీలో గంట, గంటన్నర పడుతుంది. కారుంటే ముందే బుక్ చేసుకోవాలి. రేవులో కారు అడుగుభాగం కడిగించాకే ఎక్కనిస్తారు. ఆఫ్రికా రాక్షస నత్త సవాయికి పాకకూడదని ఆ జాగ్రత్త. 2009 నుంచి అక్కడా ఎడమవైపే నడపాలి, మనకు ఇబ్బంది లేదు. తాత్కాలిక లైసెన్సు మాత్రం తీసుకోవాలి.

అసలు తేడా సాయంత్రం తెలుస్తుంది. పొద్దుగూకే వేళ ఊళ్లో శంఖమో, వేలాడదీసిన ఖాళీ గ్యాస్ సిలిండరో మోగుతుంది. దీన్ని 'సా' అంటారు. మొదటిసారి మోగితే ఇళ్లకు చేరమని, రెండోసారి ప్రార్థన మొదలైందని, మూడోసారి అయిపోయిందని. ఆ పది ఇరవై నిమిషాలు ఊళ్లో నడవకూడదు, కారైతే ఊరి బయటే ఆపాలి. ఆపియాలో హోటల్ గదిలో ఉంటే ఇది మీ దాకా రాదు. సవాయి తీరంలో ఒక కుటుంబం నడిపే ఫాలేలో, అంటే అక్కడి పద్ధతి ఇంట్లో దిగితే మీరూ అందులో ఉంటారు.

ఫాలేకి గోడలుండవు. స్తంభాలు, కప్పు, పరుపు, దోమతెర, అంతే. గాలి మొదలవగానే గాలివాటు వైపున్న కొబ్బరాకు తడికలు దించి కట్టేయాలి. వాన పడ్డాక దించితే పరుపు అప్పటికే తడిసి ఉంటుంది. ఇంటివాళ్ల ఫాలేలోకి వెళితే చెప్పులు బయట విడిచి, బాసింపట్టు వేసుకుని కూర్చోండి. కాళ్లు ఎవరివైపూ చాపొద్దు. చాపుకోక తప్పకపోతే పైన ఒక చాప కప్పుకోవాలి. కూర్చున్నవాళ్ల ముందు నుంచి వెళ్లాలంటే వంగి 'తులోవు' (క్షమించండి) అనాలి. ఈ మర్యాదలు మన ఇళ్లలో పెరిగినవారికి ఇట్టే పట్టుబడతాయి.

ఆదివారం దుకాణాలు చాలావరకు మూసేస్తారు, చాలా ఊళ్లలో ఈత కూడా కుదరదు. సరుకులు శనివారమే కొనుక్కోండి. చర్చికి భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు కావాలి, నడుముకు చుట్టుకునే లావాలావా కట్టుకుంటే ఇంకా మంచిది. తర్వాత 'తోఓనాయి', అంటే ఆదివారపు భోజనం. లేత చేమాకుల్లో కొబ్బరిపాలు, ఉల్లిపాయ, ఉప్పు వేసి పొట్లం కట్టి, కాలిన రాళ్లమీద ఉడికించే పాలుసామి తప్పక తినండి. పక్కన చేమదుంప, సీమపనస ఉంటాయి. శాకాహారులు ముందే 'పీసుపో ఉందా?' అని అడగాలి. పీసుపో అంటే డబ్బా గొడ్డుమాంసం, అది కలిపే ఇళ్లూ ఉన్నాయి.

పెద్దల సభలో కొబ్బరి చిప్పతో 'అవా' (కావా మొక్క వేరుతో చేసే పానీయం) అందిస్తే నాలుగు చుక్కలు నేలమీద ఒలకబోసి, 'మనూయా' (శుభం) అని, అప్పుడు తాగండి.