పారి జీపీ: ‘ప్రధాన సంఖ్యే’ అని ఎంత గట్టిగా చెబుతుంది?

పెద్ద పూర్ణాంకాల లక్షణాలను పరిశీలించడానికి కొన్నేళ్లుగా నేను వాడుతున్న ఉచిత సాఫ్ట్‌వేర్ పారి జీపీ. ఫ్రాన్స్‌లోని బోర్డోలో ఆన్రీ కొహెన్, ఆయన సహచరులు మొదలుపెట్టిన ఈ ప్రోగ్రామ్‌లో బొమ్మలూ బటన్లూ ఉండవు. ప్రశ్నార్థకం పక్కన ఆదేశం టైప్ చేసి ఎంటర్ నొక్కితే కింది వరుసలో జవాబు వస్తుంది, అంతే.

నన్ను దీని దగ్గరికి చేర్చిన సంఖ్య 3215031751. అంతకుముందు నేను వాడిన ఒక ఆన్‌లైన్ కాలిక్యులేటర్ దాన్ని ప్రధాన సంఖ్యగా తేల్చింది. నిజానికి అది 151, 751, 28351ల లబ్ధం. సంఖ్య ప్రధానమా కాదా అని వేగంగా అంచనా వేసే మిల్లర్-రాబిన్ పరీక్షను 2, 3, 5, 7 ఆధారాలుగా చేస్తే, ఆ నాలుగింటిలోనూ నెగ్గే సంయుక్త సంఖ్యల్లో అతి చిన్నది ఇదే కాబట్టి, ఆ నాలుగింటితో సరిపెట్టుకునే ఏ ప్రోగ్రామైనా ఇక్కడ పొరబడి తీరుతుంది. పారి జీపీ ఆ మూడు కారణాంకాలనూ రెప్పపాటులో చూపించింది.

తర్వాత 2⁶⁷ − 1, అంటే 147573952589676412927 ఇచ్చి చూశాను. ఈ 21 అంకెల సంఖ్య ప్రధానమేనని 1644లో ఫ్రెంచ్ పండితుడు మెర్సెన్ అన్నాడు. కాదని 1876లో గణితజ్ఞుడు లూకా నిరూపించాడు గానీ, కారణాంకాలు మాత్రం ఆయనకు చిక్కలేదు. 193707721, 761838257287 అనే ఆ రెండింటినీ 1903లో గణితజ్ఞుడు ఫ్రాంక్ నెల్సన్ కోల్ బయటపెట్టాడు. అంతటి శ్రమకు దొరికిన ఫలితాన్ని ‘ఫ్యాక్టర్’ ఆదేశం క్షణంలో తెచ్చి ముందు పెడుతుంది. ఇచ్చిన సంఖ్య కంటే చిన్నవై, దానితో 1 తప్ప ఉమ్మడి కారణాంకం లేని సంఖ్యలెన్నో లెక్కించే ‘ఆయిలర్‌ఫై’ని అడిగితే 147573951827644447920 వస్తుంది. ఘాతం 67 ప్రధాన సంఖ్య కాబట్టి, 2⁶⁷ − 1 ప్రధాన కారణాంకాలను 67కు రెట్టింపైన 134తో భాగిస్తే శేషం 1 రావాలని సిద్ధాంతం చెబుతుంది. ఆ రెండు కారణాంకాలనూ అలా భాగించి చూడండి, రెంటికీ శేషం 1 వస్తుంది. సిద్ధాంతం చెప్పిన మాట అంకెల్లో అలా కళ్లెదుట కనబడటం నాకు ఇప్పటికీ ఎంతో ఇష్టమైన విషయం.

అయితే కొత్తగా వాడేవారు ఒక విషయం తప్పక గమనించాలి. ‘ఫ్యాక్టర్’ చూపించే పెద్ద కారణాంకాలు మామూలు అమరికలో బెయిలీ-పామరెన్స్-సెల్‌ఫ్రిడ్జ్-వాగ్‌స్టాఫ్ అనే వేగవంతమైన పరీక్ష నెగ్గినవి మాత్రమే, ప్రధానమని నిరూపించినవి కావు. 2⁶⁴ లోపు ఆ పరీక్ష పొరబడదని రుజువైంది, దానికి పైన కూడా అది పొరబడిన సంఖ్య ఇంతవరకు ఒక్కటీ దొరకలేదు. అయినా దొరక్కపోవడం వేరు, నిరూపణ వేరు. ‘ఫ్యాక్టర్ ప్రూవెన్’ అనే అమరికను 1కి మార్చుకుంటే ప్రతి కారణాంకానికీ నిరూపణ జరుగుతుంది. కొంత సమయం పట్టినా ఇది మొదటి నుంచే అలా ఉండి ఉంటే బాగుండేదని నా అభిప్రాయం.

రెండు భారీ ప్రధాన సంఖ్యల లబ్ధమైన 2048 బిట్ల సంఖ్యను ఇచ్చి కారణాంకాల కోసం ఎదురుచూడటం వృథా. అది ఇంతవరకు ఏ సాధారణ కంప్యూటర్‌కూ సాధ్యపడని పని. ఒక సంఖ్య ప్రధానమా కాదా అన్నదే మీకు కావాలంటే మాత్రం, వందల అంకెలున్నా ‘ఈజ్‌ప్రైమ్’ నిరూపణతోనే జవాబిస్తుంది, ‘ప్రైమ్‌సర్ట్’ అని అడిగితే ఆ నిరూపణను మరో ప్రోగ్రామ్‌తో సరిచూసుకోవడానికి వీలుగా పత్రం రూపంలో చేతికిస్తుంది.