పాత డెస్క్‌టాప్‌కి సెకండ్ హ్యాండ్ ఈ8400 ప్రాసెసర్: అమలాపురం నుంచి నా మాట

మాది అమలాపురంలో చిన్న డీటీపీ షాపు. శుభలేఖలు, పంచాయతీ కరపత్రాలు అన్నీ ఒక పాత డెస్క్‌టాప్ మీదే. అందులో ఉన్న 2005 నాటి పెంటియం డి 830 ప్రాసెసర్ తీయించి, ఇంటెల్ కోర్ 2 డుయో ఈ8400 పెట్టించాను. ఇది 2008లో వచ్చింది.

రెండింటి క్లాక్ వేగం 3 గిగాహెర్ట్జే, రెండూ బోర్డులో కూర్చునేది ఎల్‌జీఏ 775 సాకెట్‌లోనే. కానీ పాతదాని టీడీపీ 130 వాట్లు, దీనిది 65. టీడీపీ అంటే సరిగ్గా వాడే కరెంటు కాదు, ప్రాసెసర్ మీది కూలర్ మోయాల్సిన వేడి లెక్క. అయినా తేడా గదిలోనే తెలుస్తోంది. మే నెల ఉక్కలో కంప్యూటర్ ఫ్యాన్ హోరు తగ్గింది. కరెంటు పోతే యూపీఎస్ మీద ఫైలు సేవ్ చేసుకునే టైమ్ దొరుకుతోంది, ఆ టెన్షన్ లేదు. పేజీమేకర్ చకచకా తెరుచుకుంటోంది.

కొనేముందు రెండు చూడండి. సాకెట్ కుదిరినంత మాత్రాన చాలదు. మీ మదర్‌బోర్డుకి పనికొచ్చే ప్రాసెసర్లంటూ తయారీదారు ఇచ్చిన జాబితాలో ఈ8400 ఉండాలి, బయోస్ (బోర్డులోనే ఉండి కంప్యూటర్‌ని మొదలుపెట్టే సాఫ్ట్‌వేర్) కూడా అప్‌డేట్ కావాల్సి రావచ్చు. ఇక ఎస్ఎంపీఎస్ (కంప్యూటర్ లోపలి భాగాలకు కరెంటు ఇచ్చే డబ్బా) మీద పెద్దక్షరాల్లో 450 వాట్లు అని ఉంటే నమ్మేయకండి. ప్రాసెసర్‌కి కరెంటు వెళ్లేది నాలుగు పిన్నుల 12 వోల్టుల వైరు నుంచి. స్టిక్కర్ మీద 12 వోల్టుల దగ్గర ఆంపియర్లు చదవండి: 15 ఆంపియర్లుంటే ఆ లైను ఇచ్చేది 180 వాట్లే.

వీడియో ఎడిటింగ్‌కి మాత్రం వద్దు, రెండు కోర్లు చాలవు. టైపింగ్, డిజైన్ పనికైతే ధైర్యంగా తీసుకోండి.